నాలుగు అడ్రసులకు ఒకటే తాళం

అతని అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఆఫీసులో ఎక్కడా వాడుకలో లేదు. మేనేజరు మేడం దగ్గర్నుంచి మెట్లు తుడిచే ఆవిడ దాకా అందరికీ అతను తాళాలాయన. తీరా చూస్తే అతని జేబులో ఉండే ఇనప తాళంచెవులు రెండే. ఒకటి ఇంటిది, ఒకటి సైకిలుది. మిగతావన్నీ కంప్యూటర్లో ఉండేవి. కంటికి కనపడవు, చేతికి తగలవు. సవ్యంగా పనిచేసినన్నాళ్ళూ వాటి ఊసు ఎవరికీ పట్టదు. ఎప్పుడైనా మొరాయిస్తే మాత్రం ఆఫీసంతా వచ్చి అతని కుర్చీ చుట్టూ మూగేది.

ఆఫీసంటే మందుల షాపు పైన మూడు గదులు. బయట బోర్డు లేదు, కావాలనే పెట్టలేదు. ఇంట్లో దెబ్బలు తిని తిని, ఇక చాలనుకుని బయటపడే ఆడవాళ్ళకి తలదాచుకునే చోటు చూపించడం అక్కడి పని. వాళ్ళు ఫోన్ చెయ్యలేరు, ఫోన్ మొగుడి చేతిలో ఉంటుంది. ఏ లైబ్రరీలోనో, పక్కింటి కంప్యూటర్ ముందో కూర్చుని ఈమెయిల్ రాస్తారు. ఆ ఉత్తరం ఇంకొకరి కంటపడితే ఆమె పని అయిపోయినట్టే. అందుకని వచ్చే ఉత్తరానికీ పోయే ఉత్తరానికీ తాళం.

ఆ తాళం సంగతి కొత్తగా చేరినవాళ్ళకి అతను ఎప్పుడూ ఒకే మాటల్లో చెప్పేవాడు.

"తాళం కప్పలు చేయించి ఊరందరికీ పంచిపెట్టాననుకోండి. నాకేదైనా పంపాలంటే పెట్టెలో పెట్టి ఆ కప్ప నొక్కెయ్యండి, పడిపోతుంది. పడ్డాక నొక్కినవాళ్ళు కూడా తియ్యలేరు. తీసే చెవి నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. ఆ కప్పనీ చెవినీ కలిపి మేం కీ అంటాం. ఉత్తరం నేనే రాశానని తెలిసే సంతకం కూడా దాంతోనే పడుతుంది."

"మీ చెవి ఎవరైనా ఎత్తుకుపోతే?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"కీ రద్దు చేస్తాం. ఇక దీన్ని నమ్మకండని లోకమంతా చాటింపు పోతుంది. ఆ చాటింపు వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. చేసినవాడి తరం కూడా కాదు."

ఈ చివరి మాటకి గొంతు కాస్త తగ్గించేవాడు. అతని ఉద్యోగం మొత్తంలో ఉన్న నాటకం అంతే.

చేరింది టైపిస్టుగా. అప్పట్లో ఈ తాళాల పని ఎవరి నెత్తిన వేద్దామా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, తల దించుకుని టైపు చేసుకుంటున్నది ఇతనొక్కడే. అలా అంటుకుంది. ఓపిక ఉన్న మనిషి. బయటికి వెళ్ళేటప్పుడు ఇంటి తలుపు లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసే రకం. నలభై దాటినా పెళ్ళి కాలేదు. "చేసుకున్నా ఏం లాభం, కట్టుకున్నదానికి కూడా పాస్‌వర్డ్ చెప్పడు," అని వాళ్ళమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా అనేది. కుట్టుమిషను ముందు కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మరీ అనేది.

ఆఫీసు అతనికి మూడు అడ్రసులు అంటగట్టింది. ఫిర్యాదులకి ఒకటి, వకీళ్ళతో మాట్లాడ్డానికి ఒకటి, అతని పేరు మీద ఒకటి. ఇవి కాక ఇంటి అడ్రసు, అది సొంతానిది. మొదట్లో నాలుగింటికీ నాలుగు కీలు పెట్టుకున్నాడు. ఒక్కోదానికీ చాంతాడంత పాస్‌వర్డ్, ఒక్కోదానికీ ఒక గడువు. ఫిర్యాదుల ఉత్తరం మీద ఇంటి కీ సంతకం పడేది. వకీలు ఫోన్ చేసి "ఇది తమరేనా, తమ అన్నగారా?" అని వెటకారం చేసేవాడు. ఒక మధ్యాహ్నం విసుగెత్తి, ఒకటే కీ తయారుచేసి నాలుగు అడ్రసులనీ దానికే తగిలించేశాడు. అలా చెయ్యచ్చు, పద్ధతిలో ఉన్నదే. ఒకటే పాస్‌వర్డ్, ఒకటే గడువు, హాయి. కొత్తవాళ్ళకి మాత్రం "ఇంటిదీ ఆఫీసుదీ కలపకండి" అని చెప్తూనే ఉన్నాడు. రోగికి సిగరెట్లు మానమని చెప్పి, మెట్ల కింద నిలబడి ముట్టించుకునే డాక్టరు లాంటి వ్యవహారం.

అతనికి ఒక చెల్లెలు.

ఆమె మొగుడు ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. పనితనం తెలిసినవాడు. ఆమె ఫోన్లో ఏం వచ్చినా, ఏం పోయినా వాడికి ముందే తెలిసేది. ఒకసారి అన్నయ్య పేరుతో తనే ఆమెకి ఈమెయిల్ రాశాడు, "ఎలా ఉన్నావమ్మా, ఏదైనా ఇబ్బందా?" అని. ఆమె నిజమే అనుకుని మనసులో ఉన్నదంతా జవాబు రాసింది. ఆ జవాబు కాగితం మీద అచ్చు తీసి, ఎదురుగా పెట్టి, ఒక్కో వాక్యం ఆమె చేతే చదివిస్తూ కొట్టాడు.

చేతికి కట్టుతో పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. వంటగదిలో బల్ల ముందు కూర్చుని, "ఒరేయ్ అన్నయ్యా, నువ్వు ఊళ్ళోవాళ్ళందరికీ చేస్తావు కదా, అదేదో నాకూ చెయ్," అంది.

చేశాడు. ఆమెకొక అడ్రసు, ఒక కీ. తన ఇంటి అడ్రసు ఆమెకిచ్చాడు, ఒక పాత లాప్‌టాప్ ఇచ్చి తన కీ అందులోకి ఎక్కించాడు. ప్రతి కీకీ ఒక వేలిముద్ర ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలిసిన బారెడు వరస. అది ఆమె చేత పైకి చదివించి, తన దగ్గరున్నదాంతో సరిచూశాడు.

"మళ్ళీ చదువు."

"నోరు నొప్పెడుతోందిరా."

"నా పేరు వాడు రాయగలడు. ఈ వరస రాయలేడు. చదువు."

ఆమె ఎక్కం అప్పజెప్పినట్టు రాగం తీసి చదివింది. గుమ్మంలో నిలబడ్డ తల్లికి నవ్వొచ్చింది, కట్టు చూసి ఆగిపోయింది.

"వారానికొక ఉత్తరం చాలు," అన్నాడు అతను. "ఏ ఊళ్ళో ఉన్నావో మాత్రం నాకు రాయకు."

"నీక్కూడానా?"

"నాకే ముఖ్యంగా. నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది."

"అది నిజమే. పంచదార నేను దొంగిలించినా అమ్మ నీ మొహం చూసే పట్టుకునేది."

"ఇప్పుడు అసలు సంగతి విను. నా కీ రోజూ సరిగ్గా ఉందో లేదో నీ కంప్యూటరే చూసుకునేట్టు పెట్టాను. ఎప్పుడైనా రద్దయిందని చూపిస్తే, నేను వాడి చేతిలో పడ్డాననుకో. ఆ క్షణం నుంచి రాయడం మానెయ్. చోటు మారిపో. పాత అడ్రసు అప్పుడే మూసెయ్యకు, దారిలో ఏమన్నా అయితే సాయానికి ఎవర్నన్నా పిలవడానికి అదొక్కటే ఉంటుంది. కొత్త చోటు కుదిరి, లోపల గడియ పెట్టుకుని పడుకోగలిగాక, అప్పుడు మూసెయ్."

"తర్వాత నువ్వు కొత్త కీ పంపిస్తేనో?"

"నమ్మకు."

"నేనే తల్లీ, మీ అన్నయ్యనే అని ఒట్టు పెట్టుకుంటే?"

"అప్పుడు అసలు నమ్మకు. చిన్నప్పటి కబుర్లు రాసినా సరే. నాలుగు తగిలిస్తే నేను అన్నీ చెప్పేసే మనిషిని."

"తగిలించక్కర్లేదు, గట్టిగా అడిగితే చాలు," అంది చెల్లెలు. ఆమె వెళ్ళేముందు వాళ్ళమ్మ నవ్విన చివరి నవ్వు ఆ మాటకే.

"మళ్ళీ నన్ను నమ్మాలంటే ఇలా ఎదురెదురుగా కూర్చుని వరస చదువుకోవాలి. ఇంకో దారి లేదు. గుర్తుంటుందా?"

"ఉంటుందిలే, పంతులుగారూ."

ఒక సంచీతో వెళ్ళిపోయింది. వారం వారం ఉత్తరం వచ్చేది. అందులో ఏమీ ఉండేది కాదు. బాగున్నాను. కుళాయి కారుతోంది, ఇంటాయనకి చెప్తే రేపు అంటాడు. పై వాటాలో ఒకావిడ బట్టలు ఉతుకుతూ పాడుతుంది, శ్రుతి లేదు. అతను తాళం తీసి పైకి చదివేవాడు. తల్లి మిషను ఆపి వినేది. విన్నాక "ఇంకా కుళాయి బాగుచేయించలేదూ వాడు," అని ఆ కనపడని ఇంటాయన్ని నాలుగు తిట్టి, మళ్ళీ మిషను తొక్కేది.

ఇలా నడుస్తుండగా ఆఫీసు మూతపడింది. మూతపడడం అంటే ఒక పెద్ద సంస్థ దాన్ని కలిపేసుకుంది. పాత కీలన్నీ చంపేసి కొత్తవి ఇవ్వాలని వాళ్ళ నియమం. అందుకోసం వాళ్ళ కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఆయన మెడలో కార్డు వేసుకుని వచ్చాడు. ఆ రోజు గదుల్లో సగం సామాను లారీ ఎక్కేసింది. కుర్చీలు పోయాయి, బల్లలు ఉన్నాయి. తాళాలాయన నిలబడే పనిచేశాడు.

ఒక్కొక్కళ్ళనీ పిలిచి, వాళ్ళ ఎదురుగా వాళ్ళ కీ రద్దు చేశాడు. అతని చేతులకి అలవాటైన పని. ఉద్యోగం మానేసిన ప్రతివాళ్ళకీ అతనే చేసేవాడు.

"చావు సంతకాలు పెడుతున్నట్టుందండీ," అంది మేనేజరు మేడం, కిటికీకి అంటించిన కాగితం గోరుతో గీకుతూ.

"నొప్పి ఉండదు మేడం."

"ఇక మీదే," అన్నాడు సిస్టమ్స్ ఆయన. "ఫిర్యాదులదీ, వకీళ్ళదీ, మీ పేరు మీదదీ. మూడు కీలు కదా?"

"మూడూ ఒకటే."

"అమ్మయ్య, ఒక పని తగ్గింది."

తెర మీద ఒక గడి వచ్చింది. ఈ కీ రద్దు చేస్తే ఈ కింది అడ్రసులన్నీ చెల్లకుండా పోతాయి, సమ్మతమేనా అని. కింద నాలుగు అడ్రసులు వరసగా ఉన్నాయి. నాలుగోది ఇంటిది. "ఆ గడి చదవకుండా నొక్కకండి" అని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పిన మనిషి, చదవకుండా నొక్కాడు. అక్కర్లేని మూడు అడ్రసులు కొట్టేసి నాలుగోది ఉంచుకోవచ్చు. అదీ పద్ధతిలో ఉన్నదే, పక్కనే ఉండే మీట. చాటింపు పోయింది. సిస్టమ్స్ ఆయన థాంక్స్ చెప్పాడు. అందరూ కాగితం కప్పుల్లో టీ తాగారు. మెట్లు తుడిచే ఆవిడ "ఇక తాళాలాయన అని ఎవర్ని పిలవాలి," అంటే, "రిటైరైన తాళాలాయన అనండి," అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, చెల్లెలికి ఆఫీసు సంగతి రాద్దామని కూర్చున్నాడు. తెర మీద తన పేరు పక్కనే ఎర్రగీత. రద్దయింది, నమ్మవద్దు.

దాన్ని చాలాసేపు చూశాడు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మనది కాదనిపిస్తుంది కదా, అలా ఒళ్ళంతా అయింది. లేచి ఫ్యాన్ తగ్గించాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"అన్నం పెట్టనా?" అంది తల్లి.

"పెట్టు."

తిన్నాడు. మజ్జిగ కూడా పోసుకున్నాడు.

చెయ్యగలిగినవన్నీ ఒక్కొక్కటే ఆలోచించి చూశాడు. పాత కీతో సంతకం చేసి రాయచ్చు, చెవి ఇంకా అతని దగ్గరే ఉంది. కానీ ఆమె తెర మీద అదీ ఎర్రగానే కనపడుతుంది. రద్దయిందంటే వాడి చేతిలో పడ్డట్టే అని తనే చెప్పాడు. కొత్త కీ పంపచ్చు. నమ్మకు అని తనే చెప్పాడు. పంచదార దొంగతనం రాయచ్చు. అదీ చెప్పాడు. వెళ్ళి ఎదురుగా కూర్చోవచ్చు, ఊరు చెప్పొద్దన్నదీ తనే. ఎటు తిరిగినా తలుపు తనే వేసి ఉన్నాడు. పని మాత్రం గట్టిగా చేశాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

వారం తిరిగింది. తల్లి మిషను ఆపింది.

"చదవరా."

"రాలేదమ్మా."

"రేపొస్తుందేమో."

"రాదు." ఆ తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాడు. కీ, నాలుగు అడ్రసులు, గడి, మీట. ఆవిడకి సగం అర్థం కాలేదు, అర్థం కావాల్సిన సగం అయింది.

"అంటే ఇప్పుడది నిన్ను వాడు పట్టుకున్నాడనుకుంటోందా?"

"అవును."

"ఈ పాటికి సంచీ పట్టుకుని ఏ రోడ్డు మీదో ఉంటుందా?"

అతను తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. గుండుసూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది, మూత పెట్టింది.

తాళం లేకుండా ఒక ఉత్తరం రాశాడు. పొరపాటున రద్దు చేశాను, నాకేం కాలేదు, ఉన్నచోటే ఉండు. రాసి చదువుకుంటే, చెల్లెలి మొగుడు రాసినా అచ్చం ఇలాగే రాస్తాడనిపించింది. అయినా పంపాడు. జవాబు రాలేదు. తిరిగి కూడా రాలేదు. అంటే ఆ అడ్రసు తెరిచే ఉంది, ఆమె ఇంకా ఏ గడియా పెట్టుకోలేదు.

పెద్ద సంస్థలో అతనికి కొత్త పని ఇచ్చారు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళు ఫోన్ చేస్తే కొత్తది ఇవ్వడం. రోజంతా చెవికి ఫోను. "మీ మొదటి బడి పేరు చెప్పండి. మీరు పెంచుకున్న కుక్క పేరు చెప్పండి." చెప్పినవాళ్ళందరికీ తలుపు తీసేవాడు. అద్దాల గది, చల్లటి గాలి, కుర్చీ మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నం డబ్బా తెరిచి తినేవాడు, ఏం తిన్నాడో సాయంత్రానికి గుర్తుండేది కాదు. పక్క కుర్చీ ఆవిడ అతనికి మౌనస్వామి అని పేరు పెట్టింది. ఇంటి తలుపు లాగి చూడడం మానేశాడు. ఒకరోజు తాళమే వెయ్యకుండా వచ్చేశాడు. పోయిందేమీ లేదు.

అక్కడికే ఒక రోజు చెల్లెలి మొగుడు వచ్చాడు. కింద వరండాలో, సైకిళ్ళ దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. పాత ఆఫీసుకీ ఇలాగే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా తాళాలాయన తెలీదంటూ నసిగేవాడు, వాడు అతని మొహం చూసి నవ్వుకుని వెళ్ళేవాడు.

"బావా, బాగున్నావా? చిక్కిపోయావు."

"ఆఁ."

"గొడవకి రాలేదు. ఒక్కమాట అడుగుతాను. అది నీకు రాస్తోందా?"

"లేదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూశాడు. "రాయడం లేదు. ఎక్కడుందో తెలీదు. ఉందో లేదో కూడా తెలీదు."

చెల్లెలి మొగుడు ఆ మొహాన్ని అటూ ఇటూ వెతికాడు, పాడైన ఫోన్ తెరిచి చూసినట్టు. అందులో ఏమీ లేదు. "నిజమే చెప్తున్నట్టున్నావే," అన్నాడు, మోసపోయినవాడిలా. "నీక్కూడా చెయ్యిచ్చిందన్నమాట." జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తాళాలాయన సైకిలు తీశాడు. దారిలో సగం దూరం వెళ్ళాక గానీ, వాడు తనని అడిగాడంటే వాడికీ తెలియదన్నమాటేగా అని తట్టలేదు. తట్టాక కూడా సంతోషం లాంటిదేమీ కలగలేదు. సిగ్నల్ పడితే ఆగాడు, పచ్చలైటు వస్తే కదిలాడు.

ఎండలు వెళ్ళి వానలు వచ్చాయి. ఒక ఆదివారం తల్లి పడమటి కిటికీ దగ్గర చొక్కాకి బొత్తాలు కుడుతుంటే, అతను ఉత్తినే, ఏమీ ఆశించకుండా, చెల్లెలి అడ్రసుకి ఇంకో ఉత్తరం పంపాడు. రెండే మాటలు. ఎలా ఉన్నావు.

కెటిల్లో నీళ్ళు కాగేలోపు జవాబు వచ్చింది.

ఆమె రాసింది కాదు. అవతలి సర్వరు రాసింది. మీ ఉత్తరం అందజేయలేకపోయాము. ఈ పేరుతో ఇక్కడ ఏ ఖాతా లేదు. దయచేసి అడ్రసు సరిచూసుకోండి. కింద వాళ్ళ యంత్రం తాలూకు అంకెలు, గంట, నిమిషం.

అతను కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలియలేదు, మళ్ళీ కూర్చున్నాడు. బల్ల అంచు చేతివేళ్ళకి చల్లగా తగిలింది. అవి తనవేనని తెలిసింది.

"ఏంటిరా?" అంది తల్లి.

"చెల్లి అడ్రసు మూసేసింది."

సూది ఆగింది. "అంటే?"

"కొత్త చోటు కుదిరాకే మూసెయ్యమన్నాను. గడియ పెట్టుకుని పడుకోగలిగాక."

"వాడు దొరకబుచ్చుకుని మూయించాడేమో."

"వాడైతే మూయనివ్వడమ్మా. తెరిచే ఉంచుతాడు. ఎవరు రాస్తారా, ఏం రాస్తారా అని కూర్చుని చదువుతాడు. ఇది తనే చేసింది. చెప్పింది చెప్పినట్టు చేసింది."

తల్లి బొత్తాం చుట్టూ దారం తిప్పి ముడి వేసింది.

"ఇక రాయదుగా మరి."

"రాయదు."

"నువ్వు రాసినా అందదు."

"అందదు. తనకై తను వచ్చి ఎదురుగా కూర్చుంటే తప్ప."

వాన జల్లు కిటికీలోంచి కొడుతోంది. ఆవిడ లేచి కిటికీ రెక్క దగ్గరికి లాగి, తిరిగొచ్చి కూర్చుంది. చొక్కా పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, వారం వారం ఉత్తరం వినేటప్పుడు కూర్చునేట్టు.

"చదువు," అంది.

"ఏముందమ్మా ఇందులో. యంత్రం రాసింది."

"చదవరా."

చదివాడు. మీ ఉత్తరం అందజేయలేకపోయాము. ఈ పేరుతో ఇక్కడ ఏ ఖాతా లేదు.

"కుళాయి కారని ఇల్లే దొరికుంటుందిలే," అంది తల్లి. "ఊఁ, ఆ తర్వాత?"

అతను కింద ఉన్న అంకెలు కూడా చదివాడు, ఒక్కటీ వదలకుండా.